సబ్బు నల్లబడే దాకా

ఎక్కడ ఆగామో గుర్తుందిగా? మంగళవారం, పరీక్షశాల. గాజు తలుపు వెనక అందరూ నిలబడ్డారు. పిల్ల తల బరువున్న గుండు గంటకు ముప్ఫై అయిదు కిలోమీటర్ల వేగంతో ఎగిరి వచ్చి మా కారు బానెట్ మీద, ఎడమ పక్కన పడింది. తలకు తగిలిన దెబ్బ లెక్క వెయ్యి దాటకూడని చోట తెర మీద పదమూడు వందల నలభై కనిపించింది. అంటే ఆ గుండు నిజంగా ఒక పిల్ల తల అయితే ఆ పిల్ల ఇక లేవదన్నమాట. మా యజమాని ఎర్మెస్, టోపీ తలకెక్కించుకుని, "శుక్రవారం ఇంకొక్కసారి. అదీ పోతే బానెట్లు బయట నుంచి తెప్పిస్తాను, రేకు పని షెడ్డు మూసేస్తాను" అని వెళ్లిపోయాడు. మేస్త్రీ అడెల్మో ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కి ఇంటికి పోయాడు.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, మిగతావాళ్లు ఓపిక పట్టండి. నా పేరు నివెస్. ఇటలీలో మొడెనా పక్కన, పొలాల మధ్య ఉన్న ఈ కర్ఖానాలో నలభై ఒక్క ఏళ్లుగా చెక్క అచ్చులు చేస్తున్నాను. నేను చేసిన అచ్చు మీద అల్యూమినియం రేకు వేసి, సుత్తితో కొట్టి కొట్టి కారుకు ఒళ్లు తెప్పించేది మేస్త్రీ. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు నోట్లో మాట లేకపోవడం, అందుకే మాకు ఇన్నేళ్లు చెల్లింది. మూడో మనిషి జినెవ్రా. తురినో నుంచి వచ్చిన ఇంజినీరు పిల్ల. రోడ్డు మీద నడిచేవాళ్లకు మా కారు తగిలితే ఏమవుతుందో చూడటం ఆమె పని.

ఆ పని ఒకటి ఉందని నాకు ముప్ఫై ఏళ్ల కింద చెబితే నవ్వేదాన్ని. అప్పట్లో మా కార్ల ముక్కు నేల మీదకు వాలిపోయి ఉండేది. దీపాలు రెప్పల కింద దాక్కుని, మీట నొక్కితే లేచేవి. బానెట్‌కీ ఇంజిన్‌కీ మధ్య అట్టముక్క దూరేంత ఖాళీ ఉంటే మేస్త్రీ అంత ఖాళీ ఎందుకని అడిగేవాడు. తరవాత నిబంధనలొచ్చాయి. దీపాల రెప్పలు పోయాయి. బానెట్ కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలన్నారు, ముక్కు గుండ్రంగా ఉండాలన్నారు. కార్ల రూపం గీసేవాళ్లు గుండెలు బాదుకున్నారు. నేనూ బాదుకున్నాను, అబద్ధమెందుకు. కానీ ఒకరోజు అచ్చుకు చిత్రిక పడుతుంటే ఒక సంగతి తట్టింది. మా కారు కొనేవాళ్లు మహారాజులు. వాళ్లెవరూ మమ్మల్ని ముక్కు ఎత్తమనలేదు. ఎత్తమన్నది ఎక్కడో రోడ్డు దాటబోతున్న, పేరు కూడా తెలియని ఒక పిల్ల. ఆ పిల్ల మాట విని ప్రపంచంలోని కార్లన్నీ ముక్కు మార్చుకున్నాయి.

నాకూ ఒక పిల్ల ఉండేది. నా పిల్ల కాదు, మా చెల్లి డీనా. మొదటి వారమే చెప్పాను, అయినా చెబుతాను. అరవై ఆరులో, అక్టోబరు శనివారం, దానికి ఆరేళ్లు, నాకు తొమ్మిది. పొద్దున అమ్మ నీలం మీద తెల్లచుక్కల రిబ్బను ఒకటి తీసి, రెండు ముక్కలు చేసి, ఇద్దరి జడలకూ కట్టింది. మధ్యాహ్నం డీనా పాలకని వెళ్లి తిరిగి రాలేదు. కాలవ రోడ్డు మీద ఏ కారో గుద్దేసి పోయింది. పోలీసులు ఊళ్లోని ప్రతి కారునూ చూశారు. ఎవరి కారు మీదా చిన్న సొట్ట కూడా లేదు. డీనా జడ రిబ్బను కూడా దొరకలేదు. నా ముక్క ఇప్పటికీ నా ఉలుల డబ్బాలో ఉంది. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని మా అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది.

సరే, ఇక బుధవారం పొద్దున.

నేను నా అచ్చుల షెడ్డు తాళం తీసేసరికే జినెవ్రా వాకిట్లో ఉంది. రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. దెబ్బతిన్న బానెట్‌ను వ్యానులో తెచ్చుకుంది, నేను ఒక పక్క పట్టాను, ఇద్దరం మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టాం. సొట్ట గిన్నెలా లోతుగా ఉంది.

ఆమె లెక్కలన్నీ చెప్పుకొచ్చింది. ఏప్రిల్‌లో పరీక్షకు పెట్టిన మొదటి బానెట్ ఇదే చోట ఎనిమిది వందల ఇరవై చూపించింది. దర్జాగా పాసయింది. అప్పటి రేకూ ఇప్పటి రేకూ ఒకే చుట్ట లోంచి కోసినవి. మందం కొలిచింది, ఒకటే. కింద ఖాళీ కొలిచింది, ఒకటే. లోపలి చట్రం, జిగురు, మరలు అన్నీ ఒకటే. అన్నీ ఒకటే అయినప్పుడు పిల్ల ఒకచోట బతికి ఒకచోట ఎలా చస్తుందని నన్నడిగింది.

నా నోట్లో నువ్వు గింజ నానదని కర్ఖానాలో అందరికీ తెలుసు. అయినా ఆ క్షణాన నోరు మూసుకున్నాను. ఎందుకంటే సోమవారం భోజనాల వేళ, అందరూ అవతల వేయించిన రొట్టెలూ పందిమాంసపు ముక్కలూ తింటూ ఉండగా, గోడవతల నుంచి నాకు చప్పుడు వినబడింది. టిక్, టిక్, టిక్. తేలికపాటి దెబ్బలు, చిన్న సుత్తివి. ఆ చప్పుడు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను. మేస్త్రీ భోజనం మానేశాడంటే చేతికి ఏదో తగిలిందన్నమాట, అది తీసేదాకా ముద్ద దిగదు ఆయనకు.

"మేస్త్రీని అడుగుదాం పద" అన్నాను.

"ఆయనకి తెలుసా?"

"తెలుసో లేదో ఆయన మొహమే చెబుతుంది."

దెబ్బతిన్న బానెట్‌ను మోసుకెళ్లి రేకు షెడ్డులో బల్ల మీద పెట్టాం. మేస్త్రీ అక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా స్టాండు మీద ఆఖరి బానెట్, శుక్రవారం పరీక్షకు వెళ్లాల్సింది. పైన గోడకు ఎర్మెస్ వాళ్ల నాన్న ఫొటో ఉంది. ఈ కర్ఖానా పెట్టిన మనిషి. చేత్తో రంగులద్దిన పాత ఫొటో. ముదురు ఆకుపచ్చ కారు మీద చెయ్యి వేసుకుని నవ్వుతుంటాడు. ఏటా దానికి దుమ్ము దులిపేది నేనే.

జినెవ్రా ఇంకా నోరు తెరవకముందే మేస్త్రీ, "సుత్తి తప్పేం కాదది" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆయన వాలకం.

"నేను సుత్తి అనలేదు మేస్త్రీ గారూ" అంది జినెవ్రా మెల్లగా.

నేనిక ఆగలేకపోయాను. సోమవారం మధ్యాహ్నం ఏం కొట్టావని అడిగేశాను. ఆయన నింపాదిగా చెప్పాడు. మంగళవారం దానికీ ఈ ఆఖరిదానికీ, రెండు బానెట్లకూ ఎడమ పక్కన ఒక అల ఉంది. కంటికి కనబడదు. కళ్లు మూసుకుని అరచెయ్యి జారిస్తే తెలుస్తుంది, అక్కడ రేకు కాస్త వదులుగా, ఊపిరి పీల్చినట్టు కదులుతుంది. అలాంటిది తన షెడ్డు దాటి బయటికి పోతే చచ్చినా మనశ్శాంతి ఉండదు. అందుకని చిన్న సుత్తితో సరిచేశాడు, రెండింటికీ.

"మరి ఏప్రిల్ దానికి?"

"ఏప్రిల్లో నాకు జ్వరం. ఇంట్లో పడున్నాను. దాన్ని ఈ నివెస్ నన్నడక్కుండా పరీక్షకు పంపేసింది. అది పూర్తయిన పని కాదమ్మాయ్. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే సిగ్గు నాకు."

జినెవ్రా బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. నాకూ అప్పుడే తెలిసింది. రేకు పనివాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు, అల్యూమినియం సుత్తి దెబ్బ తినేకొద్దీ మొండికేస్తుంది. ఎంత కొడితే అంత బిగుస్తుంది. పాసయిన బానెట్ మేస్త్రీ సిగ్గుపడ్డ బానెట్. తప్పింది ఆయన తృప్తిపడ్డ బానెట్.

ఆయన ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటాడు? అరవై ఏళ్ల కింద ఆయనకు నేర్పిందే అది. బిగిసిన రేకే మంచి రేకు, గంటకు మూడు వందల వేగంలో గాలికి రెపరెపలాడనిది, వేలితో కొడితే గంటలా మోగేది. "నాకు రేకు గట్టిపడటం గురించి చెబుతున్నావా అమ్మాయ్? గట్టిపడాలనే కదా కొట్టేది" అన్నాడు. గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. ఇంకో రెండు రోజుల్లో ఈ షెడ్డు ఉంటుందో లేదో తెలియని మనిషి ఆయన.

జినెవ్రా వాదించలేదు. అందుకే ఆ పిల్లంటే నాకిష్టం. తన కంప్యూటరు తెరిచి ఆయన ముందు పెట్టింది. "మీ పని మీరెప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూడండి" అంది.

పరీక్షశాలలో తీసిన సినిమా అది. సెకనును వెయ్యి ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా చూపిస్తుంది. ఇన్నాళ్లూ నేను దాన్ని చూడలేదు. ఆ గుండు పేరెత్తితేనే లేచి బయటికి పోయేదాన్ని, ఎందుకో మీకు తెలుసు. ఆవేళ మాత్రం పోలేదు. మేస్త్రీ భుజం మీదుగా చూశాను.

మొదట ఏప్రిల్ బానెట్. గుండు గాల్లో, కదులుతోందో లేదో అన్నంత నిదానంగా దిగుతోంది. రేకును తాకింది. తాకిన చోట రేకు లోపలికి వెళ్లడం మొదలుపెట్టింది, బొటనవేలి కింద రొట్టెపిండి వెళ్లినట్టు. దాని చుట్టూ ఒక వలయం లేచింది. ఆ వలయం పక్కకు పాకింది, ఇంకా పాకింది, బానెట్ అంచుల దాకా పోయింది. రేకు మొత్తం ఆ దెబ్బను పంచుకుంటోంది. ఒక్కచోట పడ్డ బరువును మూల మూలలా తలా కాస్త ఎత్తుకుంటోంది. గుండు మెత్తగా, మెత్తగా కిందికి దిగి, ఇంజిన్ మూతకు వేలి మందం దూరంలో ఆగింది. అక్కడ ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తరవాత రేకే దాన్ని మెల్లిగా పైకెత్తింది.

పడబోయే పిల్లను ఎవరో రెండు చేతులా అందుకున్నట్టు ఉంది. అవి ఎవరి చేతులో నాకు తెలుసు. పద్నాలుగేళ్ల వయసులో పట్టిన సుత్తిని ఇంకా దించని ఈ ముసలాయన చేతులే అవి.

మేస్త్రీ టోపీ తీశాడు. చర్చిలో కూడా ఆయన టోపీ తీయడం నేను చూడలేదు.

"మళ్లీ" అన్నాడు.

జినెవ్రా మళ్లీ వేసింది. మళ్లీ అన్నాడు. ఆరుసార్లు చూశాడు. ఆరోసారి ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేచి, తెర మీద వలయం పాకుతున్నంతసేపూ దాని వెంట జరిగింది, రేకు మీద అల వెతికేటప్పుడు జరిగినట్టే. నేను సిగ్గుపడ్డ అల అదేనా అని గొణుక్కున్నాడు. అవునంది జినెవ్రా. ఆ వదులే పిల్లను కాపాడిందంది.

"ఇది మొత్తం ఎంతసేపు?"

"మీరు రెప్ప వేసే లోపల పదిసార్లు అయిపోతుంది."

"ఇన్నాళ్లూ నా రేకు ఇంత పని చేస్తుందని ఎవరూ చెప్పలేదే నాకు" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేశాడు.

తరవాత మంగళవారం బానెట్ చూపించింది. దాని గురించి ఎక్కువ చెప్పను. గుండు దిగింది, తాకింది, వలయం లేవలేదు. రేకు ఎవరితోనూ పంచుకోలేదు. గిన్నెలా గుంట పడింది, గుండు అక్కడే ఆగిపోయింది. తల ఆగడానికి చోటు కావాలి, ఆపేది మెత్తగా ఉండాలి, రెండూ లేకపోతే ఆగడమే చావు అంది జినెవ్రా. మేస్త్రీ దాన్ని మళ్లీ వెయ్యమనలేదు.

కాసేపటికి లేచి, స్టాండు మీది ఆఖరి బానెట్ దగ్గరికి వెళ్లి, ఎడమ పక్కన అరచెయ్యి ఆనించాడు. కొత్త రేకుకు టైము లేదు. కొత్త బానెట్ చెయ్యాలంటే పది రోజులు. ఉన్నది రెండు రోజులు. తను బిగించినదాన్ని తనే వదులు చెయ్యాలి.

"నివెస్, సబ్బు ఉందా?"

జినెవ్రా అర్థం కాక మా ఇద్దరి మొహాలూ చూసింది. నాకు నవ్వొచ్చింది. తురినోలో ఎన్ని పుస్తకాలు చదివిందో గానీ ఇది ఏ పుస్తకంలోనూ లేనట్టుంది. బట్టల సబ్బు తీసుకుని రేకు మీద రుద్దుతాం. కింద నుంచి గ్యాస్ మంట చూపిస్తాం. సబ్బు ముందు పసుపు తిరుగుతుంది, తరవాత గోధుమరంగు, తరవాత నల్లబడుతుంది. నల్లబడగానే మంట తీసెయ్యాలి. అప్పటికి రేకు తన మొండితనం మర్చిపోయి పుట్టినప్పటిలా మెత్తబడి ఉంటుంది. ఇంకొక్క క్షణం ఉంచామా, చెప్పాపెట్టకుండా కరిగి కారిపోతుంది. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించే రకం కాదు.

కొలిచే పరికరాలు తెస్తానంది జినెవ్రా. తెచ్చుకో, కానీ సబ్బు చెప్పేదే నేను వింటాను అన్నాడు మేస్త్రీ. వేడికి ఆకారం వంగిపోతుంది కాబట్టి దాన్ని వెంటనే నా చెక్క అచ్చు మీద వేసి, సుత్తి ముట్టకుండా, తోలు తొడుగులు వేసుకున్న నాలుగు అరచేతులతో ఒత్తి దారికి తేవాలి. ఆయనవి రెండు, నావి రెండు. ఈ పని ఆయన ఒక్కడి వల్లా కాదు, నా ఒక్కదాని వల్లా కాదు. రేపు వచ్చే ప్రతి బానెట్‌కూ ఇదే పద్ధతి రాసిపెట్టాలంది జినెవ్రా, పరీక్షలో పాసయిన రేకూ రోడ్డు మీదికి వెళ్లే రేకూ ఒకటే కాకపోతే అది మోసమంది. రాసుకో, చెబుతానన్నాడు మేస్త్రీ. అరవై ఏళ్లలో ఆయన తన పని ఎవరికైనా చెబుతాననడం అదే మొదలు.

ఆమె మొహం వెలిగిపోయింది. కారణం దొరికిందని ఎర్మెస్‌తో చెప్పి, ఆయన్ని ఇక్కడికే పిలుచుకొస్తానని పరిగెత్తింది. సంచీలోంచి పిల్ల తల గుండును తీసి బల్ల మీద పెట్టి మరీ వెళ్లింది, బరువు ఎంతో మేస్త్రీ చేత్తో చూస్తాడని.

నేను సబ్బు తెచ్చి రుద్దడం మొదలుపెట్టాను. మేస్త్రీ గ్యాస్ మీట తిప్పి మంట వెలిగించాడు. నీలం మంట బుసకొడుతోంది. ఇక రేకు కిందికి తెస్తాడనుకున్నాను. తేలేదు. మంట గొట్టాన్ని కొక్కేనికి తగిలించి, బల్ల దగ్గరికి వచ్చాడు.

గుండును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మూడున్నర కిలోలు. పెద్ద బరువేం కాదు. దాన్ని మంగళవారం బానెట్ మీది సొట్టలో పెట్టాడు. సరిగ్గా కూచుంది. బొటనవేలితో సొట్ట అంచు చుట్టూ ఒక్కసారి తడిమాడు.

"ఈ గుంట నాకు తెలుసు" అన్నాడు.

మంగళవారం చూశావుగా అన్నాను, సబ్బు రుద్దుతూనే.

"మంగళవారం కాదు. అరవై ఆరులో."

నా చెయ్యి ఆగింది.

ఆయన నా వైపు చూడకుండా, సొట్టతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. అప్పుడు తనకు ఇరవై మూడేళ్లు. శనివారం సాయంత్రం షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. వాకిట్లో ఒక కారు, మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే బానెట్ మీద ఎడమ పక్కన గుంట. గిన్నెంత. ఎవరూ బాగుచెయ్యమనలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ రేకు మీద సొట్ట చూసి ఊరుకోవడం తన వల్ల ఎప్పుడైనా అయ్యిందా? గంటలో తీసేశాడు. ఎంత బాగా తీశాడంటే, రంగు కూడా లేవలేదు. మురిసిపోయాడు. తుడుస్తుంటే ముందు జాలీలో ఏదో చిక్కుకుని కనబడింది. ఏ పిల్ల బొమ్మదో అనుకుని జేబులో వేసుకున్నాడు.

"సోమవారం పోలీసులొచ్చారు. ప్రతి కారునూ చేత్తో తడిమి చూశారు నివెస్. ఆ కారును కూడా. ఏం దొరుకుతుంది వాళ్లకి? నేను చేసిన పనిలో ఎవరికైనా ఏమైనా దొరుకుతుందా? అప్పుడు తెలిసింది నాకు. నోరు తెరవడానికి భయం వేసింది. తరవాత తెరవడానికి సిగ్గేసింది. తరవాత మరీ ఆలస్యమైపోయింది."

ఆయన తన పనిముట్ల పెట్టె తెరిచి, సుత్తులన్నీ ఒక్కొక్కటే పక్కన పెట్టి, అడుగున నూనెగుడ్డలో చుట్టిన పొట్లం తీశాడు. విప్పి బల్ల మీద పెట్టాడు.

నీలం మీద తెల్లచుక్కలు. ఒక చివర కుట్టిన అంచు. రెండో చివర ఏటవాలుగా తెగి ఉంది. మా అమ్మ కత్తెర మొద్దుది, ఎప్పుడూ ఏటవాలుగానే కోసేది.

నేను ఏడవలేదు. ఏడుపు రావడానికి ముందు చాలా విషయాలు వరసపెట్టి వచ్చాయి. పందొమ్మిదేళ్లప్పుడు, ఆడపిల్లకు కర్ఖానాలో పనేమిటని అందరూ నవ్వుతుంటే, నన్ను చెయ్యి పట్టి ఇక్కడ పెట్టించింది ఈయనే. ఏటా నవంబరు రెండున, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజున, మా కంటే ముందే డీనా సమాధి మీద చామంతులు పెట్టేది ఈయనే. అడిగితే, తన తల్లి సమాధికి వెళుతూ దారిలో పెట్టాననేవాడు. నేను దాన్ని మంచితనం అనుకున్నాను. ఊరంతా చెప్పుకున్నాను, మా మేస్త్రీ లాంటి మనిషి లేడని. నలభై ఒక్క ఏళ్లు నా అచ్చు మీద ఆయన రేకు, ఆయన రేకు కింద నా అచ్చు.

"కారు ఎవరిది?" అన్నాను.

"శుక్రవారం పరీక్ష కానీ. చెబుతాను."

"ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు చెబితే నువ్వు ఈ బానెట్ మీద చెయ్యి వెయ్యవు నివెస్. నువ్వు చెయ్యి వెయ్యకపోతే ఇది మెత్తబడదు. ఇది మెత్తబడకపోతే..." అని ఆగి, సొట్టలో కూర్చున్న గుండు వైపు చూపించాడు. "ఒకసారి నా పనితనం పిల్లకి అన్యాయం చేసింది. రెండోసారి చెయ్యనివ్వకు. ఆ తరవాత నన్ను ఏం చేసుకున్నా సరే."

నిజమే చెబుతున్నాడు. అదే నాకు ఒళ్లు మండించింది. ఆ నీలం మంట అక్కడ బుసకొడుతోంది, రేకు మీద నా చేత్తో నేను రుద్దిన సబ్బు తెల్లగా మెరుస్తోంది, ఇంకో అయిదు నిమిషాల పని. ఎక్కడో రోడ్డు దాటబోతున్న ఆ పేరు తెలియని పిల్ల మా నాలుగు చేతుల కోసం ఎదురుచూస్తోంది. డీనా యాభై ఒక్క ఏళ్లుగా ఒక్క పేరు కోసం ఎదురుచూస్తోంది.

నేను వెళ్లి గ్యాస్ మీట కట్టేశాను. మంట ఆరిపోయింది.

"ముందు పేరు, ఆ తరవాతే మంట" అన్నాను.

మేస్త్రీ నోరు తెరిచాడు. అప్పుడే గుమ్మంలో అడుగుల చప్పుడైంది. జినెవ్రా ముందు, వెనక ఎర్మెస్, మొహం విప్పారి, చేతులు చాచుకుని వస్తున్నాడు. "దొరికిందటగా మేస్త్రీ, మా నాన్న ఉంటే నీకు దండ వేసేవాడయ్యా" అన్నాడు.

మేస్త్రీ ఎర్మెస్ మొహం చూశాడు. చూసి, అక్కడి నుంచి కళ్లు మెల్లగా పైకెత్తి, గోడ మీదికి తీసుకెళ్లాడు. నేనూ చూశాను. ఏటా నేను దుమ్ము దులిపే ఫొటో. ముదురు ఆకుపచ్చ కారు, దాని బానెట్ ఎడమ పక్కన నవ్వుతూ వేసిన చెయ్యి. ఆ చెయ్యి కింద రేకు అద్దంలా ఉంది, ఒక్క సొట్ట లేదు.